ఒక్కలకెంత సారు

నాందేడ్ జిల్లా కర్ఖేలి పక్కూరి బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పే లింగమూర్తి సారుకు ఒకటే పిచ్చి. ఏది ఎదురైనా ముందు ఒక్కదానికెంతో తేలాలి. తేలకపోతే ఆయనకు అన్నం సయించదు.

గుడిలో నూటెనిమిది ప్రదక్షిణలు మొక్కుకుని, మూడు తిరిగి, ఒక్కదానికి ఎన్నడుగులో తేల్చి, మిగతా అడుగులు ఇంటికి పోతూ వేస్తానని పూజారికి చెప్పి వెళ్లిపోయాడు. భార్య గంగుబాయికి ఎక్కిళ్లు పట్టుకుంటే నీళ్లివ్వడం మాని, గడియారం పట్టుకుని నిమిషానికెన్నో లెక్కపెట్టాడు. ఆయన రోజు మొత్తానికి లెక్క కట్టేలోపు ఎక్కిళ్లే విసిగి ఆగిపోయాయి.

ఈ పిచ్చి అందరికంటే గట్టిగా తగిలింది బడిలో కిచిడీ వండే కాశీబాయికి. ఆమెది చేతి కొలత. పిల్లలు పెరిగితే నీళ్లు పోస్తుంది, తగ్గితే దేవుడి మీద భారం వేస్తుంది. ఎడ్లకు చేసే పోలా పండుగ మర్నాడు పద్దెనిమిది మందే వచ్చారు, కారం మాత్రం అరవై మందికి పడింది. పెద్ద మేడమ్ సుశీలాబాయి ఒక్క ముద్ద తిని గంటసేపు మాట్లాడలేకపోయింది. మాట వచ్చాక ఒకటే చెప్పింది: మూడు నెలల్లో నాందేడ్ నుంచి సాహెబ్ తనిఖీకి వస్తాడు, కొలత చెప్పలేకపోతే వంట ఇంకొకరికి పోతుంది.

పదకొండేళ్ల పొయ్యి అది. కాశీబాయికి అక్షరం రాదు, వేరే పనీ తెలియదు. భయంతో ఆమెకు నిద్ర పట్టడం లేదు.

అది చాలదన్నట్టు లింగమూర్తి సారు రోజూ తరగతినంతా వంటగదికి తోలుకొచ్చేవాడు.

"కాశక్కా, ఒక డబ్బా బియ్యం ఐదుగురికి. ముప్పై మందికెన్ని?"

"నన్నెందుకు అడుగుతరు సారూ? మీ పిల్లగాండ్లను అడుగుండ్రి."

పిల్లలు ముక్తకంఠంతో ఇరవై అనేవాళ్లు.

"ఇరవై డబ్బాలు పోస్తే గంజు పట్టదు. ఆరు చాలు," అనేది కాశీబాయి, ఇంత మొద్దు తరగతిని ఎక్కడా చూడలేదని తల కొట్టుకుంటూ. ఆ తర్వాత మూడు డబ్బాల బియ్యానికి ఒక డబ్బా పప్పు అనే లెక్క వచ్చింది. ఉప్పు వచ్చింది, కారం వచ్చింది. పిల్లలు అన్నీ తప్పే చెప్పారు. కాశీబాయి అన్నీ దిద్దింది.

సాహెబ్ రానే వచ్చాడు. అరవై మందికి ఎంత అన్నాడు.

"పన్నెండు డబ్బాలు. పప్పు నాలుగు."

పదిహేను మంది కబడ్డీకి పోయారనుకో, అన్నాడు.

"తొమ్మిది. పప్పు మూడు," అంది గరిటె ఆపకుండా. సాహెబ్ ఏదో రాసుకుని, తనకూ ఒక పళ్లెం పెట్టమన్నాడు.

ఆయన జీపు కదిలిందో లేదో, తరగతిలో ఎప్పుడూ మొదటొచ్చే ప్రతీక్ష సారు చొక్కా లాగింది. "సారూ, ఇగ మేము తప్పు చెప్పుడు బంద్ చెయ్యాల్నా?"

లింగమూర్తి సారు పైకప్పు వాసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కాశీబాయి ఆయన వంక చూసింది, పిల్లల వంక చూసింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత ఆయన పళ్లెంలో ఒకటి, రెండు, మూడు గరిటెలు వేసింది.

"కాశక్కా, ఒక్కలకు ఒక్క గరిటెనే గదా?"

"అది పిల్లలకు సారూ. మీకు నా చేతి కొలతే. తినుండ్రి."