చింతపండుతో తోమిన ఇంజను

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోళ్ళు కారులో పొదిగేవి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా తాతయ్య ఎప్పుడో కొన్న నల్ల కారు అది. దాన్ని నడిపే ముసలి డ్రైవరు చనిపోయాక ఇంకెవరి చేతికీ ఇవ్వనని పంతం పట్టి, పశువుల శాల పక్కన పాకలో పెట్టించేశాడు. అలా పదేళ్ళు ఉండిపోయింది. మాది నౌపడ పక్క ఊరు. ఉప్పుమళ్ళ మీంచి వచ్చే గాలికి తలుపు గొళ్ళేలే తుప్పుపట్టి ఊడొచ్చేవి, ఇక ఇంజను సంగతి చెప్పాలా!

నాకు పదేళ్ళప్పుడు, అంటే అరవయ్యో దశకం చివర్లో, మా నానమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్దామంటే బస్సు మెట్టు ఎక్కలేదు, ఎడ్లబండి కుదుపులు ఓర్చుకోలేదు. అప్పటికి గానీ తాతయ్య పంతం సడల్లేదు. ఊళ్ళో ఉప్పు లారీ తోలే మనిషి ఒకడుండేవాడు. మేమంతా లారీ మావ అనేవాళ్ళం. యజమాని లారీ అమ్మేసుకోవడంతో పాపం పని లేకుండా ఉన్నాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండుతున్నాయి. తాతయ్య అతన్ని పిలిచి, కారు నడిచేలా చేస్తే డ్రైవరు పని నీదేనని మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని మావ ఆ రోజే పనిలోకి దిగాడు.

మొదట ఇంజను కదిలితే కదా! లోపల పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. మావ తొందరపడలేదు. ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లోంచి కిరసనాయిలూ నూనే కలిపి పోసి వారం రోజులు నానబెట్టాడు. రోజూ పొద్దున్నే వచ్చి, కారు ముందు నుంచి దూర్చి ఇంజను తిప్పే ఇనప హ్యాండిల్ పట్టుకుని ఒక్క పిసరు అటూ, ఒక్క పిసరు ఇటూ కదిపి వెళ్ళిపోయేవాడు. ఎనిమిదో రోజున అది కిర్రుమంటూ ఒక చుట్టు తిరిగింది.

ఆ తర్వాత ఇంజను విప్పి ఎనిమిది వాల్వులూ బయటికి తీశాడు. వాల్వంటే పొడుగు కాడ మీద గుండ్రటి బిళ్ళ, అచ్చం పుట్టగొడుగే. ఒక్కోదానికీ సానపట్టే నల్లటి ముద్ద రాసి, దాని గూట్లో నిలబెట్టి, కర్ర తగిలించి అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు తిప్పేవాడు. బిళ్ళా గూడూ సందు లేకుండా ఒకదానికొకటి అరిగేదాకా అంతే. మూడు రోజులు పట్టింది. అయ్యాక అన్నింటినీ గోనెపట్టా మీద వరసగా పేర్చి, ఏదో సామాను కోసం శ్రీకాకుళం వెళ్ళాడు. వాటిని ముట్టుకునే మహాతల్లి ఒకర్తి ఆ ఇంట్లో ఉందని అతనికేం తెలుసు!

నా కంటికి అవి మసిబారి కనిపించాయి. ఇత్తడి సామాను తోమడంలో నన్ను మించినవాళ్ళు లేరని నానమ్మ అనేది. ఆ పొగరొకటి ఉంది కదా. వాల్వులన్నీ తట్టలో వేసుకుని నూతి దగ్గరికి పట్టుకెళ్ళి, చింతపండూ ఇటుకపొడీ పెట్టి తెగ తోమాను. తళతళలాడిపోయాయి. తెచ్చి పెద్ద బిళ్ళలవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క మహా ముచ్చటగా పేర్చి, మావ మెచ్చుకుంటాడని గుమ్మంలో కూర్చున్నాను.

మావ వచ్చి చూసి అక్కడే చతికిలబడ్డాడు. "ఓలమ్మా, సింతపండెట్టి తోమీసినావేటి?" అన్నాడు. అంతే, తిట్టలేదు. ఒకటి చేతికి తీసుకుని, అంచు మీద ఇటుకపొడి గీసిన గీతలు చూపించాడు. పైగా ఏ వాల్వు ఏ గూట్లో అరిగిందో దానికే సరిపోతుందట. మారిపోతే సందులోంచి గాలి పోయి ఇంజను అందుకోదట.

ఇంతలో తాతయ్య వచ్చాడు. తళతళలాడుతున్న వాల్వులూ, వాటి మీది గీతలూ ఆయన కంట పడనే పడ్డాయి. "ఎవులు సేసినార్రా ఈ పని?" అని గద్దించాడు. నేను గుమ్మం చాటుకు తప్పుకున్నాను. మావ నా వైపు చూడనైనా చూడకుండా, "నానే బాబూ. సింతపండెట్టి తోమితే మంచిదనుకున్నాను" అన్నాడు. తాతయ్య తెల్లబోయాడు, ఆ తర్వాత పగలబడి నవ్వాడు. సాయంత్రానికి ఊరంతా అదే నవ్వు. ఇన్నేళ్ళు లారీ తోలిన మనిషికి చింతపండు మేస్త్రీ అని పేరు పడిపోయింది. నేను మాత్రం నోరు విప్పలేదు.

మర్నాడు మావ నన్ను పాకలోకి పిలిచాడు. వెక్కుతూ వెళ్ళాను. "ఏడుపు ఆనక ఏడుద్దువు గానీ, ముందు కర్ర అట్టుకో" అన్నాడు. నాలుగు వాల్వులు అతనివి, నాలుగు నావి. మళ్ళీ మూడు రోజులు తిప్పాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఇక చాలా అని నేనడిగితే, గూట్లో వాల్వు పెట్టి పైన కిరసనాయిలు పోసేవాడు. ఒక్క చుక్క కిందికి దిగినా ఇంకా తిప్పాలన్నమాట. నా మూడో వాల్వు ఐదుసార్లు కారింది. ఐదుసార్లూ "మళ్ళీ తిప్పు" అన్నాడే గానీ విసుక్కోలేదు. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది, ఆ నెమ్మదే నన్ను కాల్చుకుతింది.

అన్నీ బిగించిన రోజున ఇంటిల్లిపాదీ పాక ముందు చేరాం. మావ హ్యాండిల్ తిప్పాడు. రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి అందుకుంది! పాకంతా తెల్లటి పొగ, కోళ్ళన్నీ పరారు. "ఓలమ్మో, బతికీసినాదిరా!" అని నానమ్మ అరుగు మీంచి కేకేసింది. తాతయ్య బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు. తర్వాత మావతో, "ఇంజను బాగా సేసినావురా. తోలడానికి మాత్రం పట్నంనించి మనిషిని తెస్తాను. సింతపండెట్టి తోమినోడి సేతిలో మీ అమ్మగారినెట్టలేను" అన్నాడు. మావ సరే బాబూ అని తల దించుకుని, స్పానర్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఇక నా వల్ల కాలేదు. "తాతా, తోమింది నాను!" అని అరిచాను. ఇంజను మోతలో వినబడలేదేమోనని ఇంకా గట్టిగా అరిచాను. తాతయ్య ఇంజను ఆపేసి తాళం చేతిలోకి తీసుకుని, మరెందుకు చెప్పలేదని మావను నిలదీశాడు. మావ నేల చూస్తూ, "సిన్నపిల్ల బాబూ. మీరు కోప్పడితే మరింక ఏ పనిముట్టూ ముట్టదు. నాకంటారా, ఇంకో సోట పని దొరక్కపోద్దేటి" అన్నాడు. ఎక్కడ దొరుకుతుంది, ఊళ్ళో ఇంకో బండి ఏదీ! ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

తాతయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు. తాళం మావ చేతిలో పెట్టి, "రేపు ఆసుపత్రికెల్లాల. ఏడింటికల్లా బండి తియ్యి" అన్నాడు. మావ ఆ తాళం కళ్ళకద్దుకున్నాడు. నేను నానమ్మ చీర చెంగులో మొహం దాచుకుని భోరున ఏడ్చాను.

ఒప్పుకున్నానని ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఒప్పుకోని రోజులు. తర్వాత ముప్పయ్యేళ్ళు బళ్ళో సైన్సు చెప్పాను. పిల్లలు గాజుసామాను పగలగొట్టని వారం ఉండేది కాదు. ముక్కలు చూడగానే "ఎవరు చేశారు?" అన్న మాట నాలుక చివరికి వచ్చేసేది. దాన్ని మింగేసి, ముందు చీపురు తెమ్మనేదాన్ని. అందరం కలిసి ఎత్తేవాళ్ళం. చాలాసార్లు బడి విడిచే వేళకు ఓ పిల్లో పిల్లాడో వచ్చి నా కుర్చీ పక్కన తల వంచుకుని నిలబడేవారు. మింగలేక అడిగేసిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు. అలాంటి రోజున మాత్రం ఇంటికెళ్ళాక నాకు అన్నం సయించేది కాదు.