ముప్పైరెండు పేజీలు, నాలుగు మూలలు

ఆ రోజుల్లో మా చిన్నాయనకూ ప్రభుత్వానికీ మధ్య పెద్ద యుద్ధం నడుస్తుండేదనీ, ఆ సంగతి పాపం ప్రభుత్వానికి తెలియదనీ చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. మదనపల్లెలో మాదొక చిన్న కంప్యూటర్ల అంగడి. ముందు జెరాక్సు మిషను, వెనక నాలుగు కంప్యూటర్లు, మధ్యలో కుర్చీ వేసుకుని మా చిన్నాయన. నేను డిగ్రీ ముగించి ఆ అంగట్లో చేరేనాటికే కుప్పంలోని ఒక ప్రభుత్వ కార్యాలయం మా బిడ్లను మూడుసార్లు తిరగ్గొట్టింది. ఆ చుట్టుపక్కల బడులకు కంప్యూటర్లు కావాలని ఆ ఆఫీసు టెండరు పిలవడం, మేము కవర్లు పట్టుకుని బస్సెక్కడం, ధర చూడకుండానే వాళ్లు మమ్మల్ని పక్కన పెట్టడం, ఎక్కడో పెద్ద ఊరి కంపెనీ ఒకటి ఆర్డరు పట్టుకుపోవడం, ఇదీ వరస.

న్యాయంగా చెప్పాలంటే ఆ మూడుసార్లూ తప్పు మాదే. మొదటిసారి పేజీలకు నంబర్లు వేయలేదు. రెండోసారి మా చిన్నాయన ప్రతి పేజీ మీదా పచ్చ సిరాతో సంతకం పెట్టాడు (పచ్చ సిరా గెజిటెడ్ ఆఫీసర్లు వాడేదని, అందుకే అది దర్జాగా ఉంటుందని ఆయన లెక్క). మూడోసారి అయితే, సాంకేతిక వివరాలు ఒక కవర్లో, ధర ఇంకో కవర్లో వేరుగా పెట్టాలని స్పష్టంగా రాసి ఉన్నా, ధరల కాగితం తీసుకెళ్లి మొదటి కవర్లోనే పెట్టేశాడు. ఎందుకయ్యా అంటే, "దాసిపెట్టేదానికి అదేమన్నా దొంగ సొమ్మా? మన ధర ఎవురు సూస్తే ఏమి?" అన్నాడు. ఆయన నిజాయితీకి వాళ్లు పెద్ద ఇంటూ మార్కు పెట్టి పంపించారు.

నాలుగో టెండరు కాగితం వచ్చిన రోజు చిన్నాయన దాన్ని చదవను కూడా చదవలేదు. "ఇదే ఆఖరు పాపా. ఈసారీ తిప్పికొడితే కంప్యూటర్లు మూలకేసి టమోటా నారు అమ్ముకుంటా. నువ్వు బెంగుళూరికి పోయి ఏదన్నా ఉద్యోగం సూసుకో" అన్నాడు. ఆయన అన్నంత పనీ చేసే రకం. నాకు బెంగుళూరు వద్దు, టమోటా నారూ వద్దు. నాకు ఆ అంగడే కావాలి. పాడైన కంప్యూటరు విప్పి బాగుచేసి, మళ్లీ వెలిగించినప్పుడు వచ్చే ఆ సంతోషం నాకు ఇంకెక్కడా దొరకదని ఆ వయసులోనే తెలిసిపోయింది. అందుకని "ఈసారి వాళ్లకు ఒక్క వంక దొరికితే నా పేరు మార్చుకుంటా" అని పంతం పట్టాను.

వారం రోజులు ఆ టెండరు కాగితాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. గోడ క్యాలెండరు చించి, వెనకవైపు అడిగినవన్నీ వరసగా రాసి, జెరాక్సు మిషను పైన వేలాడదీశాను. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకున్న పత్రం ఉంటే డిపాజిట్టు కట్టక్కర్లేదని ఒక మూల సన్నటి అక్షరాల్లో రాసి ఉంటే దాన్నీ పట్టుకున్నాను. వాళ్లడిగిన ప్రాసెసరు, మెమరీ, మానిటరు, వారంటీ, అన్నింటికీ పట్టిక గీసి, ఎదురుగా మేమివ్వబోయేది రాసి, కంపెనీ కాగితం జత చేశాను. మిషన్ కాంపౌండులో ఉండే రిటైరైన టీచరమ్మ నా ఇంగ్లీషు దిద్దిపెట్టి, ఫైలు మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేశారు (ప్రార్థన వల్ల మరక పడదు గనుక ఆ విషయంలో ఏ గొడవా రాలేదు). మొత్తం ముప్పైరెండు పేజీలు. ప్రతి పేజీకీ నంబరు, నీలం సిరాతో చిన్నాయన సంతకం, అంగడి ముద్ర. స్పైరల్ బైండింగు చేయించి దేవుడి గూటి ముందు పెట్టాను. ఆ పని మాత్రం చేసి ఉండకూడదు.

మరునాడు పొద్దున్నే ఫైలు ఒక కవర్లో, ధరల కాగితం ఇంకో కవర్లో పెట్టి, సంచిలో వేసుకుని, కుప్పం బస్సెక్కాను. ఫైలు కవరు మాత్రం అంటించలేదు, దారిలో ఇంకొక్కసారి చూసుకుని కుప్పంలో అంటిద్దామని. పుంగనూరు బస్టాండులో డ్రైవరు టీ తాగడానికి దిగాడు. నేను ముచ్చటపడి ఫైలు తీశాను. మొదటి పేజీకి నాలుగు మూలలా నాలుగు పసుపు బొట్లు. రెండో పేజీకీ అంతే. మూడో పేజీకీ. చివరిదాకా తిప్పి చూశాను, అన్నింటికీ అంతే. ఆ టెండరులో పద్నాలుగో నిబంధన నాకు నోటికి వచ్చు: "సంతకము, ముద్ర తప్ప కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఇతర గుర్తులు గల బిడ్లు తిరస్కరించబడును."

ఇంటికి ఫోన్ చేస్తే మా అవ్వే ఎత్తింది.

"అవ్వా, ఫైలుకు పసుపు పెట్టినావా?"

"పెట్టకుండా యాడికన్నా పంపిస్తారా? మూడుసార్లు తిప్పికొట్టిరి గదా, ఎట్ల కొట్టకుండా ఉంటారు? మీ సిన్నాయన ఒక్కసారన్నా పసుపు పెట్టినాడా? అందుకే తెల్లారుజామున లేసి అన్ని కాగితాలకీ పెట్టినా. ఒక్కటీ ఇడ్సలే."

ఆ చివరి మాట ఎంత గర్వంగా అందంటే, నాకు తిట్టబుద్ధి కాలేదు. ఫోన్ పెట్టేసి, రుమాలు తడిపి మొదటి పేజీ మూల తుడిచాను. బొట్టంత ఉన్నది అరచేయంత అయింది. పక్క సీట్లో చౌడేపల్లెకు పోయే ఒకావిడ కూరగాయల గంప ఒళ్లో పెట్టుకుని చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది. "పసుపు కడిగితే పోతాదా పాపా? ఇంగా అంటుకుంటాది" అని, గొంతు తగ్గించి, "పెండ్లి పత్రికలా? ఎవురిది, నీదేనా?" అని అడిగింది. "కాదమ్మా, టెండరు" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు కానీ, "ఏదైతే ఏమి, మంచి జరగతాదిలే" అని దిగి వెళ్లిపోయింది.

మళ్లీ ప్రింటు తీద్దామంటే సంతకం పెట్టాల్సిన చిన్నాయన మదనపల్లెలో, నోటరీ చేయించిన స్టాంపు కాగితం ఆ ఫైల్లో (దానికీ నాలుగు బొట్లు), గడువు మధ్యాహ్నం ఒంటిగంటకు. బస్సు కదిలింది. పలమనేరు దాటేదాకా ఏడ్చాను, నిజం చెప్పడానికి సిగ్గేముంది. దాటాక తిక్క రేగింది. ఏం తప్పు చేశామని? కంప్యూటరు మంచిది, ధర సరైనది, పేజీ నంబర్లు సరిగ్గా ఉన్నాయి. పసుపు పెట్టిందని మా అవ్వను తప్పు పట్టే మొనగాడెవడో చూద్దాం అనుకున్నాను. కుప్పంలో దిగి, బస్టాండు బెంచీ మీదే కవరు అంటించి, లక్క కరిగించి సీలు వేసి, నేరుగా ఆఫీసుకు నడిచాను.

కవర్లు తీసుకునే క్లర్కు కవరు మీద మా అంగడి పేరు చూడగానే, "మల్లా వచ్చినారా? ఇంత సిన్న అంగడోళ్లకి ఇవన్నీ యాల పాపా?" అన్నాడు.

"సిన్న అంగడోళ్లు రాగూడదని యాడన్నా రాసుంటే సూపించండి సార్. నేను అన్ని పేజీలూ సదివినా."

ఆయన రిజిస్టరు నా వైపు తోశాడు. అది కొత్తది, ఇంకా మొదటి పేజీలోనే ఉంది. సంతకం పెట్టబోతూ చూశాను. చూసి, ఏమీ ఎరగనట్టు సంతకం పెట్టి, బెంచీ మీద కూర్చున్నాను.

ఒంటిగంట దాటాక ఆఫీసరు గారి గదిలో అందరి ముందూ కవర్లు తెరిచారు. పెద్ద కంపెనీ తరఫున వచ్చినాయనకు గంభీరమైన మీసాలు. మా ఫైలు బయటికి రాగానే ఆయన మెడ చాచి చూసి, "సార్, అబ్జెక్షన్. పేజీ పేజీకీ గుర్తులున్నాయి. పద్నాలుగో నిబంధన ప్రకారం ఇది చెల్లదు" అన్నాడు. ఆఫీసరు అద్దాలు సర్దుకుని పేజీలు తిప్పాడు. మొదటి పేజీ దగ్గర, అంటే నేను కడిగి పాడుచేసిన దగ్గర, ఎక్కువసేపు ఆగాడు. "ఏందమ్మా ఇది?" అన్నాడు.

లేచి నిలబడ్డాను. "పసుపు సార్. మా అవ్వ పెట్టింది. దీనికి నా బిడ్డు కొట్టేస్తే కొట్టేయండి. కానీ ఆ బిడ్డును రాసుకున్న మీ రిజిస్టరుకు నాలుగు మూలలా పసుపుండాది, మధ్యలో కుంకుమ కూడా ఉండాది. నాది చెల్లదంటే ఆ రిజిస్టరూ చెల్లదు. అందులో రాసిన వాళ్ల బిడ్డూ చెల్లదు."

ఆఫీసరు క్లర్కు వైపు చూశాడు. క్లర్కు రిజిస్టరు తెరిచి, మెల్లిగా మూసి, "కొత్త రిజిస్టరు గదా సార్, మొన్న నేనే పెట్టినా" అని గొణిగాడు. ఆఫీసరు గారి కంప్యూటరు మీద కూడా ఆయుధపూజ నాటి బొట్టు ఎండిపోయి అలాగే ఉంది. నేను దాని వైపు చూడటం ఆయన చూశాడు. "గుర్తంటే బిడ్డరెవరో రహస్యంగా తెలిసేట్టు పెట్టేది. ఇది అది కాదు. అభ్యంతరం తోసిపుచ్చామని రాయండి" అన్నాడు. తర్వాత నవ్వు ఆపుకుంటూ, "అన్ని పేజీలకీ పెట్టిందామ్మా మీ యవ్వ?" అని అడిగాడు. "ముప్పైరెండింటికీ సార్. ఒక్కటీ ఇడ్సలే" అన్నాను.

ధరల కవర్లు తెరిస్తే మాదే తక్కువ, ఆర్డరు మాకే. ఫోన్ చేసి చిన్నాయనకు చెప్పాను. "పేజీ నంబర్లు సరిపోయినాయా?" అన్నాడు. నెల తిరిగేలోగా కుప్పం దగ్గరి గుడుపల్లె బడిలో కంప్యూటర్లు బిగించి వచ్చాం. సక్రమంగా సరఫరా చేశారని హెడ్మాస్టరు గారు ఇచ్చిన సర్టిఫికెట్టు తెచ్చి దేవుడి గూటి ముందు పెట్టాను. ఈసారి తెలిసే పెట్టాను. తెల్లారేసరికి దానికీ నాలుగు బొట్లు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. అంగడి ఇప్పుడు నేనే చూస్తున్నాను. బిడ్లన్నీ ఆన్‌లైనే, లక్కా లేదు, బస్సూ లేదు. నేనూ మెత్తబడ్డాను. అధికారులకు ఉత్తరం రాస్తే "దయచేసి" అని రెండుసార్లు రాస్తాను, ఆనాటి పిల్ల చూస్తే నన్ను ఎగతాళి చేస్తుంది. అయినా ప్రతి బిడ్డులోనూ పాత అనుభవానికి రుజువు అడుగుతారు కదా, మొట్టమొదట ఆ గుడుపల్లె సర్టిఫికెట్టే స్కాన్ చేసి పెడతాను. మా అంగట్లో పనిచేసే అమ్మాయి మొన్న, "అక్కా, ఈ పసుపు మరకలు కంప్యూటర్లో తుడిసేస్తా, నీట్‌గా ఉంటాది" అంది. ముట్టుకోవద్దని గట్టిగానే కసిరాను. ఎవరైనా అభ్యంతరం చెప్పకపోతారా అని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. చెప్పాల్సిన సమాధానం ఇప్పటికీ నోటికి వచ్చు. ఒక్కరూ అడగరు.