మారేడ్‌పల్లి గ్రంథాలయంలో సిద్దీల పేర్లు

నేను ఎనిమిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. పోలీస్ యాక్షన్ పాఠం మధ్యలో ఒకమ్మాయి, నిజాం గుర్రపు దళంలో ఆఫ్రికావాళ్లు ఉండేవాళ్లట కదా, తర్వాత వాళ్లేమయ్యారని అడిగింది. నాకు తెలియదు. మారేడ్‌పల్లిలోని ఒక చిన్న గ్రంథాలయంలో ఆ ఆఫ్రికా సంతతివాళ్ల, అంటే సిద్దీ కుటుంబాల ఫొటోలు పెడుతున్నారని స్నేహితురాలు చెప్పగానే బయలుదేరాను.

కాజీపేటలో ఏడింటికి రైలెక్కితే తొమ్మిదిన్నరకల్లా సికింద్రాబాద్‌లో దిగాను. స్టేషన్ నుంచి ఆటోకి ఎనభై రూపాయలు. ఎందుకు వెళ్తున్నానో చెబితే డ్రైవర్ ముఖం వెలిగింది. "సిద్దీలంటే మర్ఫా కొట్టేటోళ్లే కదా మేడం? మా అన్న పెండ్లిల గా డప్పులకు మా నానమ్మ సుత ఆడింది" అన్నాడు.

గ్రంథాలయంలో పేపర్లు చదివే బల్లలు పక్కకు జరిపి గోడ నిండా ఫొటోలు తగిలించారు. గుర్రం పక్కన నిలబడ్డ ఒక సన్నటి సైనికుడి కింద 'పేరు తెలియదు' అని ఉంది. దాని ముందు ఎనభై దాటిన ఒకామె చేతికర్రతో కదలకుండా నిలబడింది. పేరు రుకియా బీ. కాసేపటికి ఆమె లైబ్రేరియన్ అయిన సావిత్రి దగ్గరకు నడిచింది.

"పేరు తెల్వదని ఎందుకు రాసినవ్ బిడ్డా? గాయన మా అబ్బా."

"ఎట్ల గుర్తుపట్టినవమ్మా?"

"చెవి చూడు. సగం లేదు. గదే గుర్రం కొరికింది."

సావిత్రి భూతద్దం తెచ్చింది. నేనూ తొంగి చూశాను. చెవి నిజంగానే సగమే ఉంది. ముగ్గురం నవ్వేశాం.

కుర్చీ వేశాక రుకియా బీ మిగతాది చెప్పింది. పోలీస్ యాక్షన్ నాటికి ఆమెకు ఏడెనిమిదేళ్లు. దళం రద్దయ్యాక ఇంట్లో అందరూ పరేషాన్‌లో పడ్డారట. కొన్నాళ్లకు తండ్రికి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని దొరికింది. "మొదటి దినం నవ్వుకుంట వచ్చిండు. 'సైరన్ కొట్టినంక నా పొద్దు నాదే, ఎవ్వరికి సలాం కొట్టేది లేదు' అన్నడు. గా పొద్దుల్ల రీడింగ్ రూంకు పోయి చదువు షురూ జేసిండు. నాకు అక్షరాలు నేర్పింది సుత ఆయనే."

సావిత్రి పాత చీటీ తీసేసి, కొత్త అట్టముక్క, కలం ఆమె చేతికిచ్చింది. ఆమె తొందరపడకుండా 'ఫరజ్ బిన్ సాలిం' అని ఉర్దూలో రాసింది. కింద తెలుగులో సావిత్రి రాసింది. పేపర్ చదువుకుంటున్న పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. మేమంతా కొట్టాం.

తిరుగు రైల్లో కూర్చున్నా ఆ సంతోషం తగ్గలేదు. ఒక రాజ్యం ముగిసిన రోజు గురించి ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ తర్వాత ఒక మనిషి తన సాయంత్రాన్ని తాను ఎలా గడుపుకున్నాడో మొదటిసారి విన్నాను. స్వేచ్ఛ అంటే ఏమిటని ఇక పిల్లలు అడిగితే ఫరజ్ కథే చెబుతాను.

వెళ్లేవాళ్లకు ఒక మాట: శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో పదకొండు ప్రాంతంలో సిద్దీ పెద్దలు వచ్చి కూర్చుంటారు. ఫొటోలు చూడటానికి అరగంట చాలు, వాళ్ల మాటలు వినడానికి మాత్రం పూట మొత్తం ఉంచుకోండి.