ఇసుక గడియారం పక్కన తేదీ

మా ముత్తాత పోలినాయుడు కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చాడు. ఆయన కొడుకు సింహాద్రినాయుడు, అంటే మా తాత, హోప్ టౌన్ నుంచి సొంత లాంచీలు నడిపాడు. లాంచీ నాయుడు గారు జెట్టీ మీదికి వస్తే కూర్చున్నవాళ్లు లేచేవారు. కొత్తగా దిగిన ఆఫీసర్లు ముందు మా ఇంటికే వచ్చేవారు. ఇప్పుడు లాంచీలు లేవు, ఆ ఇల్లూ లేదు. నేను రేడియాలజిస్టుని. డైరీ ఫార్మ్ అనే పేట‌లో అద్దెగదిలో స్కానింగ్ సెంటర్ నడుపుతున్నాను. బోర్డు మీద మా ఇంటిపేరు మాత్రం పూర్తిగా రాయించాను.

2023 వానాకాలంలో హోప్ టౌన్ నుంచి గ్రేసమ్మ వచ్చింది. వెనకే తడిసిన గొడుగుతో ఆమె భర్త యోహాను. కూర్చోమనేలోపే ఆమె అందుకుంది.

"మేడమ్, నా వొంట్లో ఎక్స్‌పైరీ అయిపోనాది ఉంది!"

చాలా ఏళ్ల కిందట ఆమెకు క్యాన్సర్ వచ్చింది. విశాఖపట్నంలో ఎడమ రొమ్ము తీసేసి, అప్పుడే సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. దాని పెట్టె మీది స్టిక్కర్‌ను ఒక కార్డుకు అంటించి ఇచ్చారు. మా దీవుల్లో పాలపొడి నుంచి మందుబిళ్ల దాకా అన్నీ ఓడలోనే రావాలి, వచ్చేసరికి గడువు దగ్గర పడుతుంది. అందుకే ఏది చేతికొచ్చినా ముందు తేదీ చూస్తాం. బీరువా సర్దుతూ గ్రేసమ్మ కోడలు కూడా అదే చేసింది.

"డేట్ దాటి ఎన్నేళ్లో అయిపోనాదంట. బిస్కట్ పేకట్టైతే పారేస్తాం. దీన్నేటి సేస్తాం?"

"సాయంత్రం డింగీకి పార్టీ వొస్తన్నాడు మేడమ్. అడ్వాన్స్ తీసుకుని చెన్నై జహాజ్ ఎక్కేస్తాం, ఇది మార్పించేస్తాం. ఇంక సోచ్‌నా ఏముంది, ఆలోచించడానికి?" అన్నాడు యోహాను.

డింగీ అంటే వాళ్ల ఇంజను పడవ, పార్టీ అంటే దాన్ని కొనేవాడు. ఇల్లు గడిచేది దాని మీదే.

కార్డు తీసుకుని చూశాను. తేదీ పక్కన చిన్న ఇసుక గడియారం బొమ్మ ఉంది. నవ్వొచ్చింది. "గ్రేసమ్మ గారూ, ఈ తేదీ పెట్టెది. ఆలోపు సీలు విప్పి ఒంట్లో పెట్టాలని అర్థం. పెట్టాక ఆ తేదీకీ మీకూ సంబంధం లేదు."

"విన్నావేటి? ఎక్స్‌పైరీ పెట్టెకంట, నాక్కాదంట!"

"నీకెప్పుడో అయిపోనాది. నేనే ఎడ్జస్ట్ అవుతన్నాను." యోహాను అప్పుడే ఫోను తీశాడు, పార్టీని రావద్దనడానికి.

"ఆగండి," అన్నాను. "దీన్ని చివరిసారి స్కాన్ ఎప్పుడు చేయించారు?"

"నొప్పి లేదు, గట్టిపడలేదు. స్కానెందుకు?" అంది గ్రేసమ్మ.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. అలాగని ఇన్నేళ్లు నిండగానే మార్చాలన్న నియమమూ లేదు. కొందరికి చాలా ఏళ్లు మన్నుతుంది, కొందరికి ముందే చిరుగుతుంది. చిరగడాన్ని రప్చర్ అంటాం. సిలికాన్ జెల్ చిక్కగా ఉంటుంది. చుట్టూ శరీరమే అల్లుకున్న పొర, అంటే క్యాప్సూల్, దాన్ని బయటికి పోనివ్వదు. అందుకే చిరిగినా చాలాసార్లు మనిషికి తెలియదు. బాగున్నా సరే, కొన్నేళ్లయ్యాక ఒకసారి, ఆపైన రెండు మూడేళ్లకోసారి చూపించుకోవాలి.

బల్ల మీద పడుకోబెట్టి ప్రోబ్ పెట్టాను. మంచి ఇంప్లాంట్ లోపల తెర నల్లగా, ఖాళీగా కనిపించాలి. నాకు గీతలు కనిపించాయి. ఒకదాని కింద ఒకటి, అడ్డంగా, నిచ్చెన మెట్లలా! చిరిగిన తొడుగు జెల్‌లోకి మడతలు పడితే ఇలా కనిపిస్తుంది. దీన్నే స్టెప్‌ల్యాడర్ సైన్ అంటారు. చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసిన బొమ్మ నా తెర మీద నిలబడింది! కోణం మార్చి చూశాను. ఉంది. మళ్లీ చూశాను. ఉంది!

"ఏటి మేడమ్, నవ్వుతన్నారు? మంచిదేనా?"

"మంచిది కాదు. కానీ దొరికింది."

చంక కింద గ్రంథులు చూశాను. సిలికాన్ అక్కడికి చేరలేదు. యోహానును లోపలికి పిలిచి అంతా చెప్పాను.

"అయితే డింగీ పోయినట్టే," అన్నాడు నెమ్మదిగా.

"అమ్మకండి. ఇది మార్చాల్సిందే, కానీ ఇవాళ్టికివాళ కాదు. ఎమ్మారై తీయించి, సర్జన్‌తో మాట్లాడి, వానలు వెళ్లాక వెళ్లండి. తొందరపడి అమ్మితే ధర కొనేవాడే చెబుతాడు. మా ఇంట్లో లాంచీలు అమ్మినప్పుడు కళ్లారా చూశాను."

అతను నన్నూ, ఇంటిపేరుతో గోడ మీదున్న నా సర్టిఫికెట్‌నూ చూశాడు. "లాంచీ నాయుడు గారి మనవరాలా? ముందే సెప్పాలి కదండీ!" అని, పార్టీకి ఫోను చేసి రావద్దన్నాడు.

కొత్తది వద్దనుకుంటే ఉన్నది తీయించేసి ఊరుకోవచ్చని గ్రేసమ్మకు చెప్పాను. ఆమె నిటారుగా కూర్చుంది. "చర్చిలో పాటకి ముందు వరసలో నిలబడేది నేను. కొత్తదే పెట్టమని రాయండి."

ఎమ్మారై కూడా నా మాటే చెప్పింది. వానలు వెళ్లాక చెన్నైలో ఆపరేషన్ అయింది. తొడుగు చిరిగే ఉంది, జెల్ క్యాప్సూల్ దాటలేదు. సర్జన్ ఫోనులో ఆ మాట చెబుతుంటే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను!

అప్పటినుంచి ఇంప్లాంటు ఉన్నవాళ్లు ఎవరొచ్చినా, పెట్టి ఎన్నేళ్లయిందని అడిగి ఊరుకోను. చివరిసారి ఎవరు చూశారని కూడా అడుగుతాను. తప్పు తేదీ చూసి గ్రేసమ్మ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ తేదీ ఇంకా దాటకపోయి ఉంటే, ఏ బాధా లేని ఆమె అసలు వచ్చేదే కాదు.

డింగీ అమ్మలేదు. ఆపరేషన్ ఖర్చుకు, కొత్త ఇంటి తలుపులకని దాచుకున్న పడౌక్ అనే ఖరీదైన ఎర్ర చెక్క అమ్మారు.