గ్రహణానికి చుట్టుదారి

చుట్టుదారి బాబాయిని దారి అడిగి తిన్నగా చేరవలసిన చోటికి చేరినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఎదురిల్లు ఎక్కడని అడిగినా సరే, మనిషిని రెండు సందులు తిప్పి, ఒక మలుపు దగ్గర ఆలోచనలో పడేసి, చివరకు బయలుదేరిన చోటికే తెచ్చి, "అదిగో, ఎదురుగానే ఉంది చూడండి" అనేవాడు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ మొదటి వారంలోనే చెప్పులు అరగదీసుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టం నీళ్లగది ఎక్కడని అడిగితే, "వంటింట్లోంచి పెరట్లోకి దిగండి, గడ్డివామి చుట్టూ రండి, పక్క తలుపులోంచి మళ్లీ లోపలికి వెళ్లండి" అన్నాడు. పాపం, ఆ చుట్టం కూర్చున్న కుర్చీ వెనకే ఉంది ఆ గది!

"ఈయన్ని నమ్ముకుని స్వర్గానికి బయలుదేరితే నరకం మొత్తం చూసి రావాల్సిందే" అనేది పిన్ని.

"మంచిదే కదే, నాలుగు చోట్లు చూసినట్టుంటుంది" అనేవాడాయన.

అలాంటి మనిషి చేతికి దారి బోర్డులు అప్పగించడమంటే పిల్లికి పాలకుండ కాపలా పెట్టడమేనని ఆయన అన్న కూతురికి ఆలస్యంగా తెలిసింది. ఆమె పట్నంలో యాత్రల ఆఫీసులో పనిచేస్తుంది. సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా బాబాయి చేను మీదుగా పోతుందని తెలియగానే ఆఫీసులో గొప్పగా చెప్పేసింది. "కోసేసిన చేను, చదునైన నేల. టెంట్లు వేసుకుని హాయిగా చూడొచ్చు. పూచీ నాది!" జనం ఎగబడ్డారు. వాళ్లలో ఒక్కరికి గ్రహణం తప్పినా ఆమె ఉద్యోగానికే గ్రహణం పడుతుందని యజమాని నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

పెద్దరోడ్డు నుంచి చేనుకు కాలవగట్టు మీదుగా తిన్నని దారి ఉంది. కునుకు తీసేలోపే వచ్చేయొచ్చు. బాబాయి మాత్రం బోర్డులన్నీ ఊళ్లోకి తిప్పి పెట్టాడు. ముందురోజు మధ్యాహ్నం నుంచి మొదలైంది గందరగోళం. ఎవరు ఎటు పోతున్నారో, ఎటు నుంచి వస్తున్నారో తెలియదు. ఒక కారు అదే దర్జీ కొట్టు ముందు మళ్లీ మళ్లీ ప్రత్యక్షమవుతుంటే, దర్జీ టేపు పట్టుకొచ్చి, "కొలతలివ్వడానికే తిరుగుతున్నారా, సిగ్గుపడకండి" అన్నాడు. ఒక కొత్త జంట పక్క రైతు వంగతోటలో టెంటు వేసుకుని, పొయ్యి వెలిగించి, ఆ రైతునే భోజనానికి పిలిచారు. ఆ రైతు తిని మరీ పోట్లాటకు వచ్చాడు.

"బాబాయ్, గట్టు దారి ఉండగా ఊరంతా ఎందుకు తిప్పుతున్నావు?"

"గట్టు మెత్తగా ఉందమ్మా."

"వర్షం పడి నెలలైంది!"

"లోపల మెత్తగా ఉంటుంది. పైకి తెలీదు."

"మరి ట్రాక్టరు రోజూ పోతోందిగా?"

"అది అలవాటు పడింది" అని చెప్పి, అంతకంటే ముఖ్యమైన పని ఏదో గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు.

మర్నాటి పొద్దుటికి అందరూ ఎలాగో చేరారు, ఒక్క వ్యాను తప్ప. అందులోనే అసలు మనిషి ఉన్నాడు. ఆయనొక లెక్కల మాస్టారు. పెద్ద టెలిస్కోపు ఆయనదే. దాన్ని చేనులో నిలబెట్టి అందరికీ సూర్యుణ్ణి చూపిస్తానని మాటిచ్చాడు. ఆయన నుంచి ఫోను మీద ఫోను.

"అమ్మా, మేం ఎక్కడున్నామో మాకే తెలీడం లేదు. ఒక దర్జీ మాకు చెయ్యూపుతున్నాడు."

ఇక ఆగలేదు అమ్మాయి. స్కూటరు మీద ఊళ్లోకి పోయి వ్యానును పట్టుకుంది. స్కూటరు దర్జీ దగ్గర పడేసి, వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. పెద్దరోడ్డు మలుపులో దిగి, బాబాయి పాతిన బోర్డును రెండు చేతులా పెకలించి, బాణం గుర్తు గట్టువైపు తిప్పి పాతింది. "పోనీ తిన్నగా" అంది డ్రైవరుతో, రాజ్యం గెలిచినంత సంబరంగా.

గట్టు రాయిలా ఉంది. వ్యాను హుషారుగా పోతోంది. దూరంగా బాబాయి బోరు మోటారు చప్పుడు వినిపిస్తోంది. 'కోసేసిన చేనుకు ఈ నీళ్లెందుకు? ఈయనకు నిజంగానే మతి పోయిందా?' అనుకుంది. అంతలో వెనక సీట్లోంచి మాస్టారు, "అదేంటమ్మా, రంగురంగుల జెండాలు?" అంటూ బైనాక్యులర్స్ ఎత్తబోయాడు.

ఆమె కూడా అటు చూసింది. జెండాలు కావవి, చీరలు. కర్రలకు కట్టిన పాత చీరలు. ఊరివైపు, రోడ్డువైపు, టెంట్లవైపు మరుగు. గట్టువైపు మాత్రం బార్లా తెరిచి ఉంది. వాటి మధ్య మోటారు నీళ్లు పడే తొట్టి, చుట్టూ పక్కనున్న ఇటుకబట్టీలో పనిచేసే ఆడవాళ్లు. తెల్లవారకముందు బట్టీలోకి దిగి, ఒళ్లంతా ఎర్రదుమ్ముతో ఈ వేళకు పైకొస్తారు. వాళ్లకు వేరే స్నానాల చోటు లేదు. ఎన్ని వేల ఇళ్లకు వాళ్ల చేతి ఇటుకలు పోయాయో! వాళ్ల ఒంటికి అడ్డంగా నిలబెట్టేందుకు ఒక్క వరస ఇటుకలు మాత్రం బట్టీ యజమానికి ఇంతవరకు మిగల్లేదు.

"ఆపండి! మాస్టారూ, అది దించండి ముందు!" అని ఆమె వెనక్కి వంగి బైనాక్యులర్స్ మీద చెయ్యేసి అదిమేసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు డ్రైవరు బ్రేకు తొక్కి.

"వెనక్కి తిప్పండి. ఇటు దారి లేదు."

"కనబడుతోంది కదమ్మా దారి!"

"కనబడుతుంది. కానీ లేదు."

గట్టు మీద వ్యాను తిప్పడానికి చోటు లేదు. వచ్చినంత దూరమూ వెనక్కే పోవాలి. డ్రైవరు తిట్టుకుంటూ, మాస్టారు గడియారం చూసుకుంటూ, అమ్మాయి దేన్నీ చూడకుండా మలుపుదాకా వచ్చారు. ఆమె దిగి, పాతిన బోర్డును మళ్లీ పెకలించి ఊరివైపు తిప్పింది. ఆమెను డ్రైవరు ఒక చూపు చూశాడు. బాబాయిని ఊరంతా చూసే చూపది.

చేను చేరేసరికి సూర్యుడి అంచు కొద్దిగా కొరికేసి ఉంది. అందరూ తలో చెయ్యి వేసి టెలిస్కోపు దింపారు. ఎవరి కాలు ఎవరు తొక్కుతున్నారో తెలియని ఆ హడావుడిలో ఆమె బాబాయిని పక్కకు లాగింది.

"చూశాను బాబాయ్. గట్టు నిజంగానే మెత్తగా ఉంది."

బాబాయి ముఖంలో రంగు మారింది. "వ్యానులో వాళ్లు...?"

"చూడలేదు. ముందే ఆపేశాను. అయినా ఒక్క మాట చెబితే ఏం పోయింది? అటు ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారు, పోకండి అంటే సరిపోయేదిగా?"

"అలా చెబితే సగంమంది పోరు తల్లీ. మిగతా సగంమంది అందుకే పోతారు."

ఆమె తల ఊపి, "మరి ఆ రోజు చుట్టాన్ని నీళ్లగదికి పెరడంతా ఎందుకు తిప్పావు?" అంది.

బాబాయి తల గోక్కున్నాడు. "అది మటుకు నోటి అలవాటేనమ్మా."

"బట్టీ యజమానిని గోడ సంగతి అడిగావా?"

"అడిగాను. చూద్దాం అన్నాడు. ఏటా చూస్తూనే ఉన్నాడు."

"రేపు నేనూ వస్తాను. ఆయన దగ్గరికి మాత్రం తిన్నగా వెళ్దాం."

టెలిస్కోపు నిలబెట్టి అందరూ ఒక విడత చూసేసరికి వెలుగు సన్నగిల్లింది. పిట్టలు తికమకపడి గూళ్లకు మళ్లాయి. పట్టపగలు చుక్కలు కనబడ్డాయి. టెంట్లవాళ్లంతా ఒక్కసారిగా కేకవేసి, ఆ వెంటనే ఎందుకు కేకవేశామో తెలియనట్టు నిశ్శబ్దమైపోయారు. బాబాయి మాత్రం ఆకాశాన్ని వేలెత్తి చూపిస్తూ పక్కనున్న ఒకావిడతో, "ఆ చుక్క ఉంది చూశారా, దాని కుడివైపు నుంచి కిందికి దిగి, అక్కణ్ణించి ఎడమకు తిరిగితే..." అంటున్నాడు. ఆవిడ చూపు అక్కడికి చేరేలోపు సూర్యుడు బయటికి వచ్చేశాడు.

ఆఫీసుకు ఎవరూ ఫిర్యాదు చేయరని తేలిపోయింది. మాస్టారయితే ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ఈ దారి జన్మలో మర్చిపోనమ్మా" అన్నాడు. వ్యాను అందరికంటే ముందు బయలుదేరింది. డ్రైవరు తల బయటపెట్టి దీనంగా, "ఇప్పుడైనా గట్టు మీద పోవచ్చా?" అన్నాడు.

అమ్మాయి క్షణమైనా తడుముకోలేదు. "ఊళ్లోకి వెళ్లండి. బావి దగ్గర ఎడమకు తిరగండి. బడి వెనక నుంచి మళ్లీ కుడికి. దర్జీ కనబడితే సరిగ్గా వస్తున్నట్టే. రెండోసారి కనబడితే ఇంకా బాగా వస్తున్నట్టు."

వ్యాను దుమ్ము రేపుకుంటూ పోయింది. బాబాయి పరుగున వచ్చాడు.

"అయ్యో, వాళ్లనెందుకమ్మా ఊరంతా తిప్పుతున్నావు? గట్టు మీద ఇప్పుడెవరున్నారని?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. బట్టీ ఆడవాళ్లంతా ఇంకా ఆరని జుట్టుతో చేను మధ్యలో ఉన్నారు. టెంట్లవాళ్లిచ్చిన గ్రహణం కళ్లద్దాల్లోంచి ఒకరి తర్వాత ఒకరు సూర్యుణ్ణి చూస్తూ పకపకా నవ్వుకుంటున్నారు.

"పోనీలే బాబాయ్" అంది అమ్మాయి. "నాలుగు చోట్లు చూసి పోతారు."