మంచు సరస్సు మీద ఆగిన బండి

విమానం తలుపు తెరవగానే ముక్కులోని తడి గడ్డకట్టింది. ఊపిరి పీలిస్తే లోపల సూదులు కదిలినట్టయింది. ఉత్తర కెనడాలో హడ్సన్ బే అనే అఖాతానికి పడమటి ఒడ్డున చిన్న ఊరు. చెట్టన్నది లేదు. రన్‌వే, పెట్రోలు ట్యాంకులు, రంగు వేసిన పెట్టెల్లాంటి ఇళ్లు. వాటి వెనక అంతా తెలుపు. ఆ తెలుపులో నేల ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో చెప్పలేం. మార్చి నెల, మధ్యాహ్నం వేళ, మైనస్ ముప్పై ఎనిమిది.

నేను కెనడా సైన్యంలో రిజర్వు సైనికురాలిగా పనిచేశాను. మామూలు రోజుల్లో విన్నిపెగ్‌లో ట్రక్కుల వర్క్‌షాపులో మెకానిక్‌ని. పిలిచినప్పుడు యూనిఫాం. హనుమకొండ నుంచి చదువుకోవడానికి వచ్చాను. దిగిన ప్రతి విమానం నుంచీ మన పిల్లలు పెద్ద పెద్ద సూట్‌కేసులు తోసుకుంటూ బయటికొస్తున్న ఏళ్లవి. ఒక బేస్‌మెంట్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, చేతికొచ్చాక, పీఆర్ ఉన్నవాళ్లూ సైన్యంలో చేరవచ్చని తెలిసి అప్లై చేశాను.

యూనిఫాం వదిలేసి కొంత కాలమైంది. అయినా మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. "మిలిటరీల ఏం జేసినవే? తుపాకి పేల్చినవా?"

పేల్చలేదు పెద్దమ్మా. ఒక బండి స్టార్ట్ చేశాను. దాని సంగతే ఇది.

మేం నలుగురం, నాలుగు స్నోమొబైళ్లు. ముందు స్కీలు, వెనక రబ్బరు పట్టా ఉండి మంచు మీద నడిచే బండ్లవి. సార్జెంట్ తక్కువ మాటల మనిషి. గైడ్ ఆ ఊరి ఆవిడ, యాభై దాటింది, వాతావరణం మీద ఆవిడ మాటే చివరి మాట. రేడియో చూసే సిగ్నలర్ తెనాలి వాడు. మా బేస్‌మెంట్ ఏడుగురిలో ఒకడు. నేను చేరానని తనూ చేరాడు. నాలుగోదాన్ని నేను, బండ్ల బాధ్యత నాది.

ఆజ్ఞ సూటిగా ఉంది. తీరం వదిలి లోపలికి వెళ్లి ఒక పెద్ద సరస్సు మీద మంచు మందం కొలవాలి. చిన్న విమానం దిగగలదో లేదో రేడియోలో చెప్పాలి. తిరిగి రావాలి. గుడారం, పొయ్యి, తిండి నా బండి వెనక కట్టిన స్లెడ్ మీద ఉన్నాయి.

ఒంటి మీద నాలుగు పొరల బట్టలు. ఉన్ని గ్లవ్, దాని మీద తోలు గ్లవ్, ఆ పైన మోచేతి దాకా వచ్చే మందపాటి తొడుగు. ఒట్టి చేత్తో లోహం ముట్టుకోకూడదు. పెట్రోలు చర్మం మీద పడనివ్వకూడదు. ఆ చలిలోనూ పెట్రోలు గడ్డకట్టదు. పడిన చోట చర్మాన్నే గడ్డకట్టిస్తుంది.

కొలతలు పూర్తయిన మర్నాడు గుడారంలోంచి బయటికి వచ్చి నిలబడిపోయాను. ఆకాశంలో మూడు సూర్యుళ్లున్నాయి. నడుమ అసలుది, అటొకటి ఇటొకటి దాని ప్రతిబింబాలు. మూడింటినీ కలుపుతూ వెలుగు వలయం. గాలిలో సన్నటి మంచు రేణువులు మెరుస్తూ ఎటూ పడకుండా తేలుతున్నాయి.

"అక్కా, నా కళ్లకేమన్నా అయిందా? మూడు కనపడతన్నాయేంటి?" అన్నాడు సిగ్నలర్.

"నాగ్గూడ మూడే కనబడుతున్నయ్ రా."

గైడ్ కూడా తల ఎత్తి చూసింది. "అందంగా ఉంది కదా? సాయంత్రానికి తుఫాను. బయల్దేరండి," అంది. కాసేపటికి రేడియో కూడా అదే చెప్పింది. ఒకసారి మొదలైతే మూడు రోజులు వదలకపోవచ్చట. ఊరు మూడు గంటల దూరం. మా పొయ్యికి మిగిలిన ఇంధనం ఒక్క రోజుకే.

మూడు బండ్లు స్టార్ట్ అయ్యాయి. నాది కాలేదు.

తాడు లాగితే రాయికి కట్టినట్టుంది. ఇంజన్ లోపలి నూనె బంకలా చిక్కబడింది. కింద పట్టా మంచుకు అతుక్కుపోయింది. చిన్నప్పుడు మా వీధిలో మొండికేసిన స్కూటర్లను పక్కకు వంచేవాళ్లు. అదే గుర్తొచ్చి, అందరం పట్టి బండిని ఒరగేసి, పట్టా మంచును తన్ని రాల్చాం. తాడు కొంచెం వదులైంది. సిగ్నలర్ లాగాడు. మళ్లీ లాగాడు. ఇంజన్ తిరిగింది కానీ దగ్గనైనా దగ్గలేదు.

"చాలు, ఆపు. ఊకె గుంజితే లాభం లేదు," అన్నాను.

సార్జెంట్ వచ్చాడు. "ఎంతసేపు?"

"తెలియదు, సార్జెంట్."

"ఒంటిగంట వరకు. తర్వాత దీన్ని వదిలేస్తాం." వాచీ చూసుకున్నాడు. పదకొండు.

బండిని వదిలితే స్లెడ్‌నీ వదలాలి. స్లెడ్‌ని వదిలితే గుడారం పోయినట్టే. దారిలో ఇంకో బండి ఆగిందంటే తుఫానులో నలుగురికీ నెత్తిన నీడ ఉండదు. సార్జెంట్ అప్పుడే మిగతా బండ్ల సామాను విప్పి సర్దడం మొదలుపెట్టాడు.

ఇంజన్‌కు కావాల్సినవి నిప్పురవ్వ, పెట్రోలు, గాలి. మొదట నిప్పురవ్వ. రెండు ప్లగ్గుల్లో ఒకటి విప్పి, దాని లోహం ఇంజన్‌కు తగిలేలా పెట్టి, కోటు టోపీని ముఖం మీదికి లాక్కుని ఆ చీకట్లోంచి చూశాను. సిగ్నలర్ తాడు లాగాడు. నీలం రవ్వ టపుక్కున వెలిగింది.

"ఉందా అక్కా?"

"ఉంది. మంచిగుంది."

ప్లగ్గు కొన పొడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన లేదు. అంటే పెట్రోలు ఇంజన్ దాకా రావడం లేదు. రెండోదీ విప్పి, ప్లగ్గులు రెండూ లోపలి జేబులో వేసుకున్నాను, ఒంటి వేడికి. పెట్రోలు గొట్టం వెంట వేలితో తడుముతూ వెళ్లాను. పారదర్శకమైన గొట్టం. వంపు తిరిగిన చోట శనగగింజంత తెల్లటి ముద్ద. మంచు. వెచ్చటి షెడ్డులోకీ చలిలోకీ తిప్పిన పెట్రోలు డబ్బాలో ఎక్కడో ఒక నీటిబొట్టు చేరింది. అది ఇక్కడికొచ్చి గడ్డకట్టి కూర్చుంది.

అంత చిన్న బొట్టు. చుట్టూ కంటికి ఆనినంత మేర మంచు. వాటి మధ్య ఆ గింజను చూస్తూ ఒక్క క్షణం పని మరిచిపోయాను.

"పొయ్యి తెచ్చి టార్పాలిన్ కింద పెడదాం," అన్నాడు సార్జెంట్.

"వద్దు. ఇక్కడ పెట్రోలు ఆవిరి ఉంది. మంట దగ్గరికి రావద్దు. నీళ్లు కాచి ఇవ్వండి చాలు."

నా ముఖంలోకి చూసి తలూపాడు. గాలివాలుకు దూరంగా పొయ్యి పెట్టి తనే మంచు కరిగించాడు. మరిగే నీళ్లు సీసాల్లో పోసి, తువ్వాళ్లు చుట్టి, గొట్టం చుట్టూ పేర్చాం. పైన టార్పాలిన్, ఆ పైన నా స్లీపింగ్ బ్యాగు. దాని మీద నేను బోర్లా పడుకున్నాను. పక్షి గుడ్లు పొదిగినట్టు.

మొదటి విడత సీసాలు చల్లారిపోయాయి. గింజ కరగలేదు. రెండో విడత తెచ్చారు. గైడ్ పడమటి వైపు చూస్తూ నిలబడింది. మూడు సూర్యుళ్లలో రెండు మాసిపోయాయి. సిగ్నలర్ నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు, కనురెప్పల మీద మంచు పేరుకుని.

"అక్కా, ఒకవేళ అవకపోతే?"

"అయితది."

"నిజంగానా, నాకోసం అంటన్నావా?"

"రెండూ."

టార్పాలిన్ ఎత్తి చూసినప్పుడు ఒంటిగంట కావస్తోంది. గింజ సన్నబడింది. చూస్తుండగానే కదిలింది. జారింది. వెనకే పెట్రోలు గొట్టం నిండా పరుగెత్తింది. ఆ చివర గొట్టం ఊడదీసి ఆ నీటిబొట్టును బయటికి వదిలేశాను. మళ్లీ గడ్డకట్టకుండా ట్యాంకులో ఆల్కహాల్ పోశాను. వెచ్చటి ప్లగ్గులు బిగించాను. చోక్ లాగాను.

"గుంజు."

ఒక దగ్గు. మళ్లీ లాగాడు. రెండు దగ్గులు. మూడోసారి నేనే లాగాను. ఇంజన్ అందుకుంది. నీలం పొగ, మోత, కాళ్ల కింద మంచులో వణుకు. సిగ్నలర్ ఎగిరి నా మెడ కావలించుకున్నాడు. సార్జెంట్ వాచీ మీదికి చేతి తొడుగు లాక్కున్నాడు. "బయల్దేరండి," అన్నాడు.

గంటకు పైగా నడిపాక ఇంకో సరస్సు వచ్చింది. ముందున్న గైడ్ పిడికిలి ఎత్తి బండి ఆపేసింది. ఇంజన్ కూడా ఆపేసింది. సార్జెంట్ ఆపాడు. సిగ్నలర్ ఆపాడు. ముగ్గురూ నా వైపు చూశారు.

సరస్సుకు అడ్డంగా కారిబూలు వస్తున్నాయి. మన దుప్పిని రెండింతలు చేసి, గుబురు బొచ్చు తొడిగితే ఎలా ఉంటుందో అలాంటి జంతువులు. వందలో వేలో నాకు తెలియదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నాయి.

నా చెయ్యి స్విచ్ మీద ఆగింది. ఆపితే మళ్లీ స్టార్ట్ అవకపోతే? పడమట ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. గైడ్ నడిచి నా దగ్గరికి వచ్చింది.

"వేడి ఇంజన్ మళ్లీ అందుకుంటుంది. ఈ మోతకు అవి బెదిరాయంటే విడిపోయి పరుగెత్తుతాయి. అన్నీ కడుపుతో ఉన్నాయి," అంది.

సార్జెంట్ ఆజ్ఞ ఇవ్వలేదు. నాకే వదిలాడు. నేను ఆపేశాను.

చప్పుడంతా ఒక్కసారి పోయింది. తర్వాత మెల్లగా ఇంకో చప్పుడు చెవిన పడింది. టిక్, టిక్, టిక్. నడిచేటప్పుడు వాటి కాలి నరాలు ఎముక మీద జారి చేసే చప్పుడట. అన్ని కాళ్లూ కలిసి, రేకుల కప్పు మీద చినుకులు మొదలైనట్టుంది. మా ముందు నుంచే నడిచిపోయాయి. ఒక ఆడది గుంపు వదిలి నా బండి దాకా వచ్చింది. కొమ్ముల మీద మంచు నూగు. కడుపు బరువుగా ఊగుతోంది. వెచ్చటి ఇంజన్ మూత మీద ముట్టె పెట్టి వాసన చూసింది. దాని ఊపిరి నా ముఖానికి తగిలింది. వెచ్చగా, ఎండుగడ్డి వాసనతో. అది తల తిప్పుకుని గుంపులో కలిసిపోయింది.

సిగ్నలర్ ఏడుస్తున్నాడు. కన్నీళ్లు బుగ్గల మీదే గడ్డకట్టాయి. ఎవరూ నవ్వలేదు.

చివరిది దాటేసరికి పొద్దు వాలుతోంది. తాడు లాగాను. ఒక్క లాగుకే అందుకుంది. ఊరి దీపాలు కనిపించే వేళకు తుఫాను వెన్ను తాకింది. మేం దిగిన ఇంటి తలుపు మూసుకున్నాక మూడు రోజులు తెరవలేదు. ఆ ఇంటి గోడలు రాత్రింబవళ్లు మూలిగాయి.

విన్నిపెగ్ తిరిగి వచ్చి సోమవారం వర్క్‌షాపుకు వెళ్లాను. సిగ్నలర్ తర్వాత ఉద్యోగం మీద గ్వెల్ఫ్ అనే ఊరికి వెళ్లిపోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఇద్దరం పనుల గురించి, జీతాల గురించి మాట్లాడుకుంటాం. ఆ కారిబూల సరస్సు సంగతి ఎత్తుతాం, మళ్లీ పనుల మీదికే మాట మళ్లిస్తాం.

పెద్దమ్మకు ఇక్కడి దాకా చెప్పగలిగాను. చెప్పలేనిది ఒకటుంది. ఆ సరస్సు నుంచి బయల్దేరేటప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. సరస్సు మీద ఒక్క జంతువూ లేదు. గాలి కదలడం లేదు. వాటి ఊపిరి మాత్రం ఇంకా అక్కడే ఉంది. మంచు మీద మనిషెత్తున, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పొడుగ్గా ఒక తెల్లటి దారిలా నిలిచి, మబ్బు సందుల్లోంచి వచ్చిన పొద్దువాలు వెలుగులో లేత గులాబీ రంగుకు తిరుగుతోంది.