పుచ్చు లేని మాను

అతన్ని అందరూ చెట్ల డాక్టరు అనేవాళ్ళు. మొదట్లో వెటకారంగానే అన్నారు. ఇరవయ్యేళ్ళు గడిచేసరికి వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మయినా, కరెంటు తీగలను రాసుకునే కొమ్మయినా, గాలివానకు చీలిన మానయినా అతనికే కబురు వచ్చేది. నడుముకు కట్టుకునే పట్టా, రెండు పెద్ద తాళ్ళు, చేతిరంపం, చిన్న మోటారు రంపం, కొయ్యసుత్తి. ఇవీ అతని సరంజామా. కింద నిలబడి తాడు పట్టుకునేది అతని భార్య.

"మా ఆయన్ని నేను ఆడించినట్టు ఏ పెళ్ళామూ మొగుణ్ణి ఆడించలేదు. పైకి లాగేదీ నేనే, కిందికి దింపేదీ నేనే" అని ఆమె పని దగ్గర ఆడవాళ్ళను నవ్వించేది.

పని మాత్రం అతను నిష్ఠగా చేసేవాడు. బరువైన కొమ్మను ఒక్క కోతతో కొయ్యడు. ముందు మానుకు జానెడు దూరంలో అడుగు నుంచి కొంచెం కోస్తాడు. తర్వాత ఇంకాస్త అవతల పైనుంచి కోస్తాడు. అప్పుడు కొమ్మ తన బరువుకు తాను విరిగిపడుతుంది గానీ మాను బెరడును చీల్చుకుంటూ పోదు. మిగిలిన మోడును చివర్లో తీస్తాడు. అదీ కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటును తాకకుండా, దానికి కాస్త అవతలే. "ఆ ఉబ్బే చెట్టుకు మందు. దాన్ని కోసేస్తే గాయం మానదు. బారెడు మోడు వదిలేస్తే కుళ్ళు లోపలికి దిగుతుంది" అనేవాడు. కోసిన చోట తారు పూయమన్నవాళ్ళ మీద కసురుకునేవాడు. పుండును కడగకుండా మూత పెడతారా అనేవాడు.

కిందటి వానాకాలంలో ఒకరోజు అతను కాలు మోపిన కొమ్మ ఫెళ్ళున విరిగింది. తాడు ఆపింది. నలభై అడుగుల ఎత్తున తలకిందులుగా పావుగంట వేలాడాడు. భార్య బెత్తెడు బెత్తెడు చొప్పున తాడు వదులుతూ దింపింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆనాటి నుంచి మేడ ఎత్తు దాటితే చాలు, అరచేతులు చెమటలు పట్టేవి. పట్టుకున్న కొమ్మను వదల్లేకపోయేవాడు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పెద్ద చెట్ల పని వస్తే నడుం పట్టేసిందనేవాడు. జామచెట్లు, పెరటి మామిడిచెట్లు మాత్రం ఒప్పుకునేవాడు. భార్యకు చెప్పాల్సిన పని లేదు. తాడు పట్టుకున్న మనిషికి పైనున్న మనిషి వణుకు తెలియకుండా ఉంటుందా?

అలాంటి రోజుల్లో ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. అది ముప్ఫై పడకల చిన్న ఆసుపత్రి. దాని ముంగిట్లో పెద్ద నిద్రగన్నేరు చెట్టు. గొడుగు విప్పినట్టు ముంగిలంతా కప్పేసేది. లోపల రోగులుంటే, వాళ్ళ తాలూకు మనుషులంతా ఆ నీడలోనే ఉండేవాళ్ళు. అక్కడే కూర్చుని తిని, అక్కడే కునుకు తీసి, అక్కడే ఏడ్చేవాళ్ళు. వాన వెలిసిన ఒక ఉదయం, ఆకు కూడా కదలని వేళ, ఒక పెద్ద కొమ్మ ఊడి సైకిళ్ళ షెడ్డు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పెద్ద డాక్టరు భయపడ్డాడు.

"ఉంచమంటే ఉంచుతాం, కొట్టెయ్యమంటే కొట్టేస్తాం. నీ మాటే ఫైనల్" అన్నాడాయన.

పక్కన నిలబడ్డ హెడ్ నర్సు, "జాగ్రత్తగా చూడండి డాక్టరు గారూ, ఇది పోతే జనానికి నిలువ నీడుండదు" అంది. ఆమె మాటలో ఎగతాళి లేదు, మర్యాదే ఉంది.

అతను కొయ్యసుత్తితో మాను చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. బోలుగా ఉంటే డబడబమంటుంది. ఇది ఎక్కడ కొట్టినా గట్టిగా ఖంగుమంది. అతను విన్నాడు. భార్య కూడా వింది. ఈ జాతి చెట్లకు వాన తర్వాత నీళ్ళ బరువుతో ఆరోగ్యంగా ఉన్న కొమ్మ కూడా ఊడిపడటం ఉందని అతనికి తెలుసు. పొడుగాటి కొమ్మల చివర్లు కాస్త తేలిక చేస్తే చాలు. కాకపోతే పైకెక్కి కొమ్మ ఊడిన చోట గాయాన్ని చూడాలి. తర్వాత నాలుగు రోజులు పైనే పని చెయ్యాలి.

పట్టా బిగించి ఎక్కాడు. పదిహేను అడుగులు ఎక్కేసరికి చేతుల్లో తాడు జారింది. కింద అందరూ తలలెత్తి చూస్తున్నారు. బెరడుకు చెంప ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత దిగిపోయాడు.

"లోపలంతా పుచ్చు. పంగ దగ్గర్నుంచి కిందికి దిగింది. ఉంచకూడదండీ" అన్నాడు.

భార్య తాడు చుడుతున్న చేతులు ఆగాయి. తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

మూడు రోజుల తర్వాత క్రేను తెచ్చారు. క్రేను మనుషులే దాని తొట్టెలో నిలబడి కొమ్మలు కోసి దించారు. అతను కింద నిలబడి, ఇటు అటు అంటూ చెయ్యి ఊపాడు. సాయంత్రానికి మాను పడింది. మోడు పైముఖం బల్లచెక్కలా నున్నగా బయటపడింది. మధ్యలో ముదురు గోధుమరంగు చేవ, చుట్టూ లేత పసుపు అంచు. సూది దూర్చేంత పుచ్చు లేదు. రంపపు పొట్టు తడితడిగా, తాజాగా ఉంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. గబగబా పార తీసుకుని పొట్టును మోడు మీదికి ఎగదోశాడు.

"నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు భార్యతో.

"నేను వెయ్యను" అంది ఆమె.

అంతలో హెడ్ నర్సు మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "మీరు చూసి చెప్పారు గనక సరిపోయింది. ఎవరి నెత్తిన పడేదో ఏమో. మీ పుణ్యమా అని నలుగురు బతికారు" అంది. అతను తేలు కుట్టిన దొంగలా ఆ మజ్జిగ తాగాడు.

ఇంటికెళ్ళాక భార్య అడిగింది. "భయమేస్తోందని చెప్పుంటే నేనేమన్నా నవ్వేదాన్నా?"

"ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు."

"నవ్వితే పళ్ళు కనపడతాయి. చెట్టేం పోదుగా."

ఆ తర్వాత వారం రోజులు అన్నం పెట్టింది, తలుపు తీసింది గానీ ఆమె నోట మాట లేదు. అతనూ మాట్లాడించడానికి సాహసించలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆసుపత్రి దారిన వెళ్ళాల్సి వచ్చింది. ముంగిలి పెనంలా ఉంది. జనమంతా గోడను ఆనుకుని, చారెడు నీడలో వరసగా కూర్చున్నారు. నీడ జరిగినకొద్దీ మూటలతో సహా వాళ్ళూ జరుగుతున్నారు. ఒక ముసలాయన అతన్ని పిలిచాడు.

"బాబూ, పోయిన నెల మా ముసల్దాన్ని తీసుకొచ్చినప్పుడు ఇక్కడ చెట్టుండాలే. ఏమైంది?"

"పుచ్చిపోయింది తాతా" అన్నాడతను.

అనేసి నాలుగడుగులు వేశాక ఆ మాట అతనికే వినపడింది. ఎవరూ నిలదీయలేదు. భయపెట్టే ఎత్తు లేదు. నేల మీద నిలబడి, అడిగిన ముసలివాడి ముఖం చూస్తూ, తడుముకోకుండా అబద్ధం చెప్పాడు. నడిపించుకుపోతున్న సైకిలును గోడ పక్కన ఆపాడు. వెనక్కి వెళ్ళి ముసలాయనకు చెబుదామనుకున్నాడు. ముఖం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు గదికి వెళ్ళాడు. హెడ్ నర్సు కూడా అక్కడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ చెట్టుకు పుచ్చు లేదండీ. నాకు ఎక్కడానికి భయమేసింది. ఆ మాట చెప్పలేక పుచ్చన్నాను" అన్నాడు.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చెయ్యి వణుకుతోందని చెప్పుంటే ఇంకొకర్ని పిలిపించేవాణ్ణి కదయ్యా. అరనిమిషం మాట" అన్నాడు. తర్వాత కిటికీలోంచి ముంగిలి వైపు చూస్తూ ఉండిపోయాడు.

హెడ్ నర్సు మెల్లగానే మాట్లాడింది. "ఆపరేషను గదిలో ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డాను. చెయ్యి వణికి కత్తి పక్కన పెట్టిన సర్జన్లను చూశాను. వాళ్ళను ఎవరూ తక్కువగా అనుకోలేదు. నువ్వు కత్తి పక్కన పెట్టకుండా రోగిని చంపావు." అంతవరకూ మీరు అన్న మనిషి, ఆ రోజే మొదటిసారి నువ్వు అంది.

కబురు నిప్పులా పాకింది. పని పిలుపులు సగానికి సగం తగ్గాయి. టీకొట్టు దగ్గర అతను రాగానే మాటలు ఆగిపోయేవి. ఎవరైనా ముఖం మీదే తిట్టినా బాగుండుననిపించేది. భార్య మాత్రం ఆ రోజు నుంచి మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒక నెల చూసి, ఆమె చెప్పగా, ఊరి అవతలి చివర చెట్లు కొట్టే ఇంకొకతని ఇంటికి వెళ్ళాడు. అతనికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ఉడతలా ఎక్కుతాడు. కానీ ఎక్కడ కొయ్యాలో తెలియదు. రెండేళ్ళ కిందట ఒక చెట్టు తలంతా నరికి మోడు చేశాడని, నడివీధిలో పదిమంది ముందు అతన్ని కసాయి అన్నది ఈ చెట్ల డాక్టరే.

"కసాయి ఇంటికి వచ్చావేంటన్నా?" అన్నాడతను గుమ్మంలోనే నిలబడి.

"ఆ మాట నాకు తగుతుంది గానీ నీకు కాదు. నేనింక ఎక్కలేను. నువ్వు ఎక్కు. ఎక్కడ ఎంత కొయ్యాలో కిందనుంచి నేను చెప్తా."

అతను గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. "తాడెవరు పడతారు?"

"మా ఆవిడ."

"అలా చెప్పు. నీ సంగతి తర్వాత, వదిన మాత్రం నాకు కావాలి. తలకిందులైనవాణ్ణి గీత పడకుండా దింపిందంట కదా" అన్నాడు. ముగ్గురూ కలిసి పని మొదలుపెట్టారు.

ఇప్పుడు ఎవరు పిలిచినా అతను మొదట చెప్పే మాట, "నేను ఎక్కనండీ. నాకు భయం." ఎన్నిసార్లు చెప్పినా చెవులు వేడెక్కుతాయి. ఆ సిగ్గు మోయలేని మూట కాదు గానీ దించే చోటు లేదు.

మొన్న హెడ్ నర్సు చెల్లెలి పెరట్లో నేరేడుచెట్టు కొమ్మ గోడ మీద వాలిందని కబురొచ్చింది. ముగ్గురూ వెళ్ళారు. హెడ్ నర్సు అక్కడే ఉంది. ఆమె చెట్టు ఎక్కేవాడితో మాట్లాడింది, భార్యను కుశలం అడిగింది. అతని వైపు చూడలేదు. అతను సుత్తితో మానును తట్టి, చప్పుడు విని, "గట్టిగా ఉందమ్మా, ఒక్క కొమ్మ తీస్తే చాలు" అన్నాడు.

ఆమె చెట్టు ఎక్కేవాడి వైపు తిరిగి, "నువ్వు పైకెళ్ళి నీ కళ్ళతో చూసి చెప్పు" అంది.

అతను పక్కకు తప్పుకుని, పైనుంచి కబురు వచ్చేదాకా తలవంచుకుని నిలబడ్డాడు.